ఆకులో మిగిలిన ముద్ద

నా చిన్నప్పుడు మా తాతయ్య నలుగురిలో కూర్చుని తినడం మానేశాడు. ఆయనకు చేతుల వణుకు. ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం మెతుకులు ధోవతి మీద పడేవి. ఆ వణుకుకు ఒక పేరుందని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అదే వణుకు నాకు వచ్చింది. పార్కిన్సన్స్ అని పేరు చెప్పి డాక్టరు గోలీలు రాశాడు.

మా పెదనాన్న బిడ్డ పెళ్లి ఉప్పుగూడలో మా ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. తాతయ్య గదిలోనే తింటానన్నాడు. పెళ్లికూతురు వచ్చి, నువ్వు బంతిలో కూర్చుంటేనే నేనూ తింటానని మొండికేస్తే, కాదనలేక వచ్చాడు. ఆయనకు ఒక పక్క నేను, మరో పక్క పక్కింటి అక్క కూర్చున్నాం. అక్కకు అప్పటికింకా పెళ్లి కాలేదు.

మాలో ఒక పద్ధతి ఉండేది. బంతిలో ఒక్కరు తింటున్నా మిగతావాళ్లు లేవకూడదు. కానీ ఆ రోజు జనం ఎక్కువ. రెండో బంతివాళ్లు అప్పుడే మా వెనక వచ్చి నిలబడ్డారు. అందరూ మజ్జిగ దాకా వచ్చారు, తాతయ్య ఇంకా పప్పన్నంలోనే ఉన్నాడు. వడ్డన పెత్తనం మా చిన్నాన్నది. ఆయన వచ్చి అందరి ముందూ అన్నాడు:

"ఏంది బాపూ, మెతుకులు లెక్కవెడుతున్నవా? ఎనక జనం నిలవడ్డరు."

ఎవరో నవ్వారు. తాతయ్య ఆకు మడవడానికి అంచు పట్టుకున్నాడు. ఆ ఆకు మడిస్తే ఆయన మళ్లీ ఏ బంతిలోనూ కూర్చోడని నాకు కూడా అర్థమైంది.

అక్క ఆకు అప్పటికే ఖాళీ. అయినా వడ్డించే ఆయనను పిలిచి మళ్లీ అన్నం పెట్టించుకుంది.

"ఆగు తాతా, ఆకు మడవకు. నేను తినంగ నువ్వు లేస్తవా? గిదేం మర్యాద?" అని చిన్నాన్న వైపు తిరిగింది. "ఏం కాకా, ఆడపిల్లను ఆకు ముందలికెల్లి లేపుతవా?"

చిన్నాన్న గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అక్కా, నీ కడుపు నిండలేదా అని నేను అడగబోతే తొడ మీద గిల్లింది. తాతయ్య మజ్జిగన్నం ముగించేదాకా ఒక్క ముద్దను ఆకులో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. ఆయన చేయి ఆగాకే అది నోట్లో పెట్టుకుంది. పెళ్లి కావలసిన పిల్లకు ఇంత ఆకలా అని ఆడవాళ్లు చాలాకాలం ఆమెను ఆటపట్టించారు. నవ్వి ఊరుకునేది గానీ ఎందుకు కూర్చుందో ఎవరికీ చెప్పలేదు. తరువాత కిషన్‌బాగ్‌కు కోడలిగా వెళ్లింది. ఇప్పుడు లేదు.

చిన్నాన్న మాటను నేను మరిచిపోలేదు. ఆయన పోయినప్పుడు దినాలకు వెళ్లాను గానీ, ఆ ఇంట బంతిలో కూర్చోలేదు.

ఇప్పుడు నా గోలీ అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. పప్పు మందును పట్టనివ్వదని నాకు పప్పు రాత్రికే పెడతారు. గోలీ పనిచేసి వేళ్లు వదులయ్యేసరికి ఇంట్లో అందరూ చేతులు కడుక్కుంటూ ఉంటారు. ఒకరోజు, కాసేపు ఆగరాదురా అన్నాను. "అమ్మా, నీ గోలీ టైం నీది, మా డ్యూటీ టైం మాది," అన్నాడు నా కొడుకు. అదీ మరిచిపోలేదు. మళ్లీ అడగలేదు, అడగను కూడా. తాతయ్య అడిగితే అక్క కూర్చుందా?

కానీ కంచం ముందుకు లాక్కున్న ప్రతిసారీ, వణికే చేత్తో అన్నం కలుపుతూనే, లేస్తున్న వాళ్ల కంచాల వైపు ఒకసారి చూస్తాను. ఎవరైనా ఒక్క ముద్ద మిగుల్చుకున్నారేమోనని.