‘త’ దాకా వచ్చిన మాటలు

“‘త’ దాకా వచ్చిందండి. ఆ తర్వాత చదవడం లేదు,” అన్నాడు బాపట్ల మెకానిక్. అతని బల్ల మీద రెండు హార్డ్ డిస్కులున్నాయి. ఒకటి మా కంప్యూటర్లోంచి తీసిన పాతది. రెండోది దాని బదులు పెట్టడానికి నేను ఎంచుకున్నది. పాతది కాసేపు టక్ టక్ మని కొట్టుకుని ఆగిపోయింది.

అందులో ఉన్నవి రేపల్లె మాస్టారి మాటలు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. రేపల్లె దగ్గరి నగరం అనే ఊరి చుట్టుపక్కల వరి రైతులూ కూలీలూ వాడే మాటల్ని నిఘంటువుగా అచ్చు వేద్దామని ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి సేకరించారు. తొంభైల్లో నేను తెనాలి నుంచి పత్రికకు వార్తలు రాస్తూ, ఇంటి ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసేవాణ్ణి. మాస్టారు ఒక్కో అక్షరానికి ఒక నోటుబుక్కు నింపి రైల్లో తెచ్చి ఇచ్చేవారు. ప్రూఫులు దిద్ది మళ్లీ నాకే ఇచ్చి వెళ్లేవారు.

పత్రికాఫీసులో మాకు ఒక పద్ధతి అలవాటు చేశారు. కంపోజయిన కాపీని చువ్వకు గుచ్చేయాలి. చువ్వ నిండితే పాత కాగితాలవాడికి వేసేయాలి. లేకపోతే ఒకే వార్త రెండుసార్లు పేజీలోకి ఎక్కుతుంది. మాస్టారి నోటుబుక్కుల్నీ ప్రూఫుల్నీ అలాగే వేసేశాను. ఆయన్ను అడగాలని కూడా తోచలేదు. ఫ్లాపీల్లో దాచినవి వానాకాలపు చెమ్మకు బూజు పట్టిపోయాయి.

డిస్కు చప్పుడు మొదలైన రోజే కంప్యూటర్ ఆపేయాల్సింది. పెళ్లిళ్ల రోజులు, ఆపలేదు. తెనాలి షాపులో ఉన్నవన్నీ పెద్ద డిస్కులు. మా పాత కంప్యూటర్ వాటిని గుర్తించదు.

“మొత్తం మార్చెయ్యండి గురువుగారూ. ముసలెద్దుకి కొత్త కాడెందుకు?” అన్నాడు షాపతను.

మారిస్తే మా తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో నడవదు. బాపట్లలో ఒక మెకానిక్ దగ్గర మాకు సరిపోయే చిన్న డిస్కు ఉందని తెలిసింది. అయితే అది ఎవరో వాడి తీసేసింది. దాన్ని నమ్మొచ్చా అని వారం రోజులు తటపటాయించాను. ఆ వారమంతా పాతది టక్కుమంటూనే శుభలేఖలు కొట్టిపెట్టింది. చివరికి వాడినదే తీసుకుంటానని బాపట్ల వెళ్లేసరికి, సగం మాటలు అందకుండా పోయాయి.

మర్నాడే రేపల్లె రైలెక్కాను. మాస్టారు అరుగు మీద కూర్చుని ముందుమాట రాసుకుంటున్నారు. ‘ద’ నుంచి ‘హ’ దాకా పోయిందని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోప్పడలేదు.

“‘మ’లో మడవ కూడా పోయిందా? గట్టుకి మడవ లేకపోతే చేలోకి నీళ్లెట్టా వస్తాయయ్యా?” అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

“పోతే పోయిందిలే నాయనా. నోటుబుక్కులు నీ దగ్గర ఉన్నాయిగా, మళ్లీ కొట్టు. తొందరేం లేదు.”

“అలాగేనండి,” అన్నాను.

వాళ్లావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, సాయంత్రం రైలుకి తిరిగి వచ్చేశాను.

బాపట్లలో కొన్న డిస్కు చాలాకాలం బాగానే పనిచేసింది. పాతది మా బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. దాన్ని చదివించగలవాళ్లు ఇంతవరకు దొరకలేదు. నోటుబుక్కుల సంగతి మాస్టారికి నేను చెప్పలేదు.