చూపు తెర మీదే ఉంచండి

క్లాసులో అతన్ని డబుల్ స్క్రీన్ అని పిలిచేవాళ్ళు. కంప్యూటర్ సైన్సు చదివే పిల్లల వెటకారం అలాగే ఉంటుంది మరి. ఎడమ కన్ను ఎదుటి మనిషిని చూస్తుంటే, కుడి కన్ను ఆ మనిషి భుజం దాటి గోడ వైపు పోతుంది. ఒకే మెషీన్‌కి రెండు మానిటర్లు తగిలించినట్టుందని మొదటి ఏడాదిలోనే ఎవడో అన్నాడు, ఆ పేరు అతుక్కుపోయింది. ఇంట్లో మాత్రం అతను చిన్నోడు. ఇల్లంటే అక్కా బావా అద్దెకుంటున్న రెండు గదులు. అక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, బావ లిఫ్టులు బాగుచేస్తాడు, వాళ్ళకి రెండేళ్ళు దాటిన పాప. ఆఖరి సంవత్సరం హాస్టల్ మానేసి చిన్నోడు వాళ్ళ ముందుగదిలో మకాం పెట్టాడు.

మెల్లకన్ను గురించి బాధపడే వయసు దాటిపోయిందనే అతను అనుకుంటూ వచ్చాడు. ఉద్యోగాల వేట మొదలయ్యాక తెలిసింది, దాటలేదని. కాలేజీకి వచ్చిన మొదటి కంపెనీ ఇంటర్వ్యూలో అవతలాయన మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా వచ్చి నిలబడ్డారేమోనని. చివరికి, "ఇటు చూసి చెప్పు బాబూ, భయమెందుకు?" అన్నాడు. ఆ మాటతో చిన్నోడు వచ్చిన జవాబు కూడా చెప్పలేకపోయాడు. ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత వెళ్ళినవాటిలోనూ రాలేదు. అన్నింటికీ కారణం కన్నే అని అతను అనలేడు. కాదని కూడా అనలేడు. అదే నరకం.

అందుకే అతనికి మెషీన్ల మీద గురి. క్యాంటీన్‌లో ఈ చర్చ వస్తే చాలు, రెచ్చిపోయేవాడు. "మనిషి ముందు నీ ముఖం చూస్తాడు, తర్వాత చొక్కా చూస్తాడు, ఓపిక మిగిలితే జవాబు చూస్తాడు. మెషీన్‌కి జవాబొక్కటే కావాలి. నేను ఉద్యోగం ఇచ్చేవాడినైతే ఇంటర్వ్యూలన్నీ ఎత్తేసి ప్రోగ్రాంకి అప్పగిస్తాను" అనేవాడు. స్నేహితులు నవ్వేవాళ్ళు. నాలుగేళ్ళలో తన ముఖం చూసి నవ్వని ఒకే ఒక్కటి తన ల్యాప్‌టాప్ అని అతను పైకి చెప్పేవాడు కాదు.

అలాంటివాడికి ఒక మంచి కంపెనీ నుంచి పరీక్ష వచ్చింది. ఇంటి నుంచే రాయొచ్చు. షరతులు కొన్ని పంపారు: గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరా ఆపకూడదు, చూపు తెర దాటకూడదు. చివరిది చదివినప్పుడు చిన్నోడికి ఏమీ తట్టలేదు. తను చూసేది తెరనే కదా! ఇంకెవరైనా పొరబడితే ఫరవాలేదు. ముఖాల్ని గుర్తుపట్టే ప్రోగ్రాములు స్వయంగా రాసి మార్కులు తెచ్చుకున్నవాడు పొరబడాల్సింది కాదు.

పరీక్ష రోజు అక్క పాపని తీసుకుని పక్కవాళ్ళింటికి వెళ్ళింది. మొదటి ప్రాబ్లం సాఫీగా సాగింది. రెండోది సగంలో ఉండగా తెర పైన పసుపు పట్టీ ఒకటి వెలిగింది: "చూపు తెర మీదే ఉంచండి." చిన్నోడు ఉలిక్కిపడి ఇంకాస్త ముందుకు జరిగాడు. కంగారు పడ్డకొద్దీ కుడి కన్ను మరింత పక్కకి పోతుంది. అతని కంటి తీరే అంత. మళ్ళీ పసుపు పట్టీ. ప్రాబ్లం చదువుతున్నాడు గాని ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. కళ్ళను కుదురుగా పట్టుకోవడంతోనే సరిపోయింది. ఈసారి పట్టీ ఎర్రగా వచ్చింది. నిబంధనలు ఉల్లంఘించినందుకు పరీక్ష ముగించడమైనదని రాసి ఉంది. ఆ తర్వాత తెరంతా తెల్లగా అయిపోయింది.

సాయంత్రం బావ బూట్లు విప్పుతూనే అడిగాడు. "ఏరా ఇంజినీరూ, ఎలా రాశావ్?"

"రాయలేదు. గెంటేశారు."

"ఎవరు?"

"కెమెరా."

బావ నవ్వబోయి బావమరిది ముఖం చూసి ఆగాడు. "దిక్కులు చూశావా?"

"తెరనే చూశాను బావా. దాని లెక్కలో దిక్కులు చూశాను."

"నీకు ఒక కన్ను ఉద్యోగం మీద, ఇంకోటి జీతం మీద అని నేనెప్పుడో చెప్పాను."

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా?" అంది అక్క వంటగదిలోంచి.

మర్నాడు చిన్నోడు కాలేజీకి వెళ్ళలేదు. ఏం జరిగిందో కళ్ళారా చూస్తే తప్ప అతనికి నిద్రపట్టదు. కెమెరాలో కంటిపాపల్ని పట్టి, మనిషి ఎటు చూస్తున్నాడో తెర మీద పచ్చచుక్కగా చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి కూర్చుని రాశాడు. సాయంత్రానికి అది నడిచింది. ముందు బావని కూర్చోబెట్టాడు. చుక్క తెర నడిమధ్యన నిలబడింది.

"చూశావా, బుద్ధిమంతుడి చూపంటే అదీ!"

అక్క కూర్చుంది. మధ్యలోనే. చిన్నోడు కూర్చున్నాడు. చుక్క తెర అంచుదాకా పోయి బీరువా వైపు మాయమైంది. అతను మధ్యలో ఉన్న అక్షరాన్నే చూస్తున్నాడు. చుక్క మాత్రం అతను చూడని చోట తిరుగుతోంది. ఇన్నాళ్ళూ తనని చూసి నవ్వలేదనుకున్నది, అసలు తనని సరిగ్గా చూడనే లేదన్నమాట.

"నేనూ, నేనూ" అంటూ పాప అక్క ఒళ్ళోకెక్కింది. చుక్క దాని చూపు వెంట గెంతుతుంటే కిలకిలా నవ్వింది. నిద్రవేళ కావడంతో కాసేపటికి నవ్వు తగ్గి, తల అమ్మ గుండెకి ఆనించింది. అప్పుడు చుక్క మెల్లగా పక్కకి జారింది. కొద్దిసేపు అక్కడే ఉండి మళ్ళీ మధ్యకి వచ్చింది.

"ఇంకోసారి పెట్టు" అంది అక్క.

"అక్కా, చిన్నపిల్లల్ని ఇది సరిగ్గా పట్టుకోలేదు. కదులుతుంది కదా. వెలుతురు కూడా లేదు."

"ఇంకోసారి పెట్టమన్నానా!"

ఈసారి చుక్క కదలలేదు. ఇంకోసారి పెట్టబోతే పాప ఏడుపు లంకించుకుంది. అక్క దాన్ని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. నెల రోజులుగా సాయంత్రాలు పాప కన్ను ఒక్క క్షణం ఎటో పోయినట్టు ఆమెకి అనిపిస్తూనే ఉంది. భ్రమ అని తనకి తనే సర్దిచెప్పుకుంటోంది. ల్యాబుకి వచ్చేవాళ్ళకి, ఒక్క రిపోర్టు చూసి బెంబేలు పడొద్దని, మళ్ళీ చేయిస్తే తెలుస్తుందని రోజూ చెప్పేది ఆమే. ఆ మాట తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి తనకే పనికిరాలేదు.

బావ వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "సరే, ముందు వీడి సంగతి చూద్దాం. మా లిఫ్టు తలుపు దగ్గర సెన్సారు మొరాయిస్తే చెయ్యి అడ్డం పెట్టి దాన్ని నమ్మిస్తాం. నువ్వూ నమ్మించు. ముఖం కాస్త ఎడంపక్కకి తిప్పు... ఇంకా... ఆఁ!"

మెడ బిగుసుకుపోయేంత తిప్పాక పచ్చచుక్క తెర మధ్యకి వచ్చి కూర్చుంది.

"అదీ! పరీక్షంతా అలాగే కూర్చో. తిక్క కుదురుతుంది దానికి."

"రేపు దీనికీ ఇదే నేర్పిస్తారా?" అక్క గొంతు పెద్దగా లేదు. "బళ్ళో మెడ తిప్పుకుని కూర్చోమ్మా, లేకపోతే నిన్ను దొంగ అంటారు అని?"

"ముందు వాడికి ఉద్యోగం రానీవే!"

"నేను వాడికి ఉద్యోగం వద్దన్నానా?" అని ఆమె పాపతో సహా లోపలికి వెళ్ళిపోయింది.

కాలేజీలో ఉద్యోగాల వ్యవహారం చూసే ప్లేస్‌మెంట్ సార్ మంచివాడే, తీరిక లేనివాడు. కంపెనీతో మాట్లాడి చిన్నోడికి ఇంకో అవకాశం ఇప్పించాడు. కొత్త లింకు వచ్చింది. శనివారం సాయంత్రంలోగా ఎప్పుడైనా రాయొచ్చు. "ఈసారి కాస్త కళ్ళు దగ్గర పెట్టుకో" అన్నాడు.

"సార్, నా కళ్ళు దగ్గర పెట్టుకుందామన్నా ఉండేవి కావు. దాని గురించి వాళ్ళకి మెయిల్ రాద్దామనుకుంటున్నాను."

సార్ కాగితాల్లోంచి తలెత్తి మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. వెంటనే ఇబ్బందిపడి కిటికీ వైపు చూపు తిప్పుకున్నాడు. "అర్థమైంది బాబూ. కానీ వాళ్ళ పద్ధతిలో తప్పుందని నువ్వు రాస్తే వాళ్ళకి కోపం రావచ్చు. నీ తర్వాత జూనియర్లున్నారు, వచ్చే ఏడాది ఆ కంపెనీవాళ్ళు మన కాలేజీ గడప తొక్కకపోతే? నీ ఇష్టం. ఆలోచించుకో."

ఆలోచించుకోవడం చిన్నోడికి కొత్తేమీ కాదు, కానీ ఈసారి తెగలేదు. రాస్తే గొడవపడే మనిషని ముద్ర పడుతుంది. రాయకపోతే మెడ తిప్పుకుని గంటసేపు నటించాలి. ఆ రాత్రి ఇంట్లో అందరూ సద్దుమణిగాక కంపెనీకి మెయిల్ రాశాడు. జాలి పుట్టించే మాటలన్నీ కొట్టేశాడు, కోపం మాటలూ కొట్టేశాడు. చివరికి తన కన్ను తీరు, కెమెరా పొరపాటు, ఇంకోలా పరీక్ష పెట్టమన్న మనవి, నాలుగు వాక్యాలే మిగిలాయి. బావ కళ్ళతోనూ తన కళ్ళతోనూ చుక్క ఎక్కడ పడిందో చూపే చిన్న వీడియో జతచేసి పంపాడు.

జవాబు రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం పొద్దున రాలేదు. మధ్యాహ్నం లింకు తెరిచి పెట్టుకుని మెడ తిప్పి చూశాడు. అలా చూస్తే అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయి, మెడనరం లాగుతోంది. అయినా రాస్తే రాయొచ్చు. మొదలుపెట్టమనే బటన్ మీద బాణం గుర్తు పెట్టి కూర్చున్నాడు. పాప వచ్చి అతని కుర్చీ పక్కన నిలబడి, మామయ్య తల ఎటుంటే అటు తన తల వంచి చూసింది. ఆటనుకుంది.

చిన్నోడు ల్యాప్‌టాప్ మూసేశాడు. సాయంత్రానికి గడువు దాటిపోయింది. మంచి పని చేశానన్న తృప్తి ఏమీ కలగలేదు. బావ ఆ పూట ఏ జోకూ వేయలేదు. దానికే చిన్నోడికి ఎక్కువ భయం వేసింది.

మంగళవారం ఒక మేడం దగ్గరనుంచి జవాబు వచ్చింది. కెమెరా కాపలా ప్రోగ్రాం తాము వేరే కంపెనీ దగ్గర కొన్నదని, వీడియో చూశామని, ఆఫీసుకొచ్చి పరీక్ష రాయమని, గదిలో మనిషిని కూర్చోబెడతామని ఉంది. మధ్యలో ఒక రోజు అక్క సెలవు పెట్టి పాపని కంటి డాక్టరుకి చూపించింది. ఇప్పుడే ఏమీ చెప్పలేమని, కొన్నాళ్ళాగి మళ్ళీ తీసుకురమ్మని డాక్టరు అన్నాడట. "ఏమీ లేదు అనలేదు చూశావా?" అని అక్క రోజంతా అదే మాట పట్టుకుని వేలాడింది.

ఆఫీసులో చిన్న గది, గాజు తలుపు, బల్ల. బల్లకి అటువైపు నెరిసిన జుట్టు పెద్దాయన ఒకరు కూర్చున్నారు. చిన్నోడు పని మొదలుపెట్టాడు. మొదటిది అయింది, రెండోది సగమైంది. అంతలో ఆయన గొంతు సవరించుకున్నారు.

"బాబూ, మాటిమాటికీ అటేం చూస్తున్నావ్? ఆ గోడ మీద ఏముంది?"

మనుషుల దగ్గరా ఇదే, మెషీన్ దగ్గరా ఇదే అనుకున్నాడు చిన్నోడు. చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "నేను తెరనే చూస్తున్నాను సార్. నా కన్ను అంతే."

ఆయన లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఒకసారి అతని ముఖం, ఒకసారి తెర చూశారు. "అయ్యో, నేను కూర్చున్న చోటే బాలేదు" అంటూ కుర్చీ ఎత్తి తెచ్చి, అతని వెనక, తెర కనిపించేలా వేసుకున్నారు. "నీ టైం తినేశాను. చివర్లో కలిపిస్తాలే, కంగారు పడకు, రాసుకో."

చిన్నోడు రాశాడు. అంత బాగా కాదు గాని పూర్తి చేశాడు.

ఆ తర్వాత వారం ఇంటర్వ్యూకి పిలిచారు. మెయిల్ రాసిన మేడంతోపాటు ఇంకో ఇద్దరున్నారు. ప్రోగ్రాముల ప్రశ్నలన్నీ అయ్యాక ఆవిడ అడిగింది. "ఇంతకీ ఏమంటావ్? మెషీన్లు మనుషుల కంటే న్యాయంగా ఉంటాయా?"

నాలుగేళ్ళుగా చెప్తూ వచ్చిన జవాబు ఒకటుంది. అది బయటికి రాలేదు. "ఆ రోజు గదిలో ఉన్న సార్ కూడా పొరబడ్డారు మేడం. నేను ఒక మాట చెబితే కుర్చీ జరుపుకున్నారు. ఆ కెమెరాకి చెప్పుకోవడానికి నాకు చోటే లేదు."

"చోటు పెట్టమంటే ఎక్కడ పెడతావ్?"

ఆవిడ అందించిన మార్కరు తీసుకుని చిన్నోడు బోర్డు దగ్గరికి నడిచాడు. మొదటి గీత వంకరగా వచ్చింది, చెరిపి మళ్ళీ గీశాడు.

ఉద్యోగం ఖాయమైందని మెయిల్ వచ్చిన రోజు బావ వీధి చివరిదాకా వినపడేలా ఈల వేశాడు. అక్క మాత్రం ల్యాబు నుంచి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా, మెయిల్ మొత్తం అడుగుదాకా చదివింది.

"చేరేముందు వైద్య పరీక్ష అని ఉందిరా. కళ్ళు కూడా చూస్తారా?"

"చూస్తారు."

"మరి?"

"వాళ్ళు అడిగేదాకా ఆగనక్కా" అన్నాడు చిన్నోడు. "వెళ్ళగానే నేనే చెప్తాను."