తాళాలగుత్తి విసిరేసిన రోజు

హిప్ హాప్ అనే మాట అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఎనభైల నడిమి మద్రాసులో దాన్ని బ్రేక్ డాన్స్ అనేవాళ్ళం. మా నాయన పెరంబూరులో రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు. ఎదురింటివాళ్ళు వీడియో క్యాసెట్ పెడితే కిటికీలోంచి చూసి, క్వార్టర్స్ వెనక సిమెంటు నేలమీద ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి పరిచి నేర్చుకున్నాను. మోచేతులు చెక్కుకుపోయేవి. నాకున్న ప్రేక్షకురాలు మా చెల్లెలు ఒక్కతే.

"ఆ చెయ్యి ఇంకా మెల్లంగా పోవాల అన్నా" అని దిద్దేది కూడా.

ఆమెకు మూర్ఛలు వచ్చేవి. బడిలో ఒకసారి పడిపోయాక ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. చదువు మానేసింది.

పెళ్ళి రిసెప్షన్లలో, అమ్మవారి ఉత్సవాల్లో సినిమా పాటలు పాడే ఒక బృందం నన్ను చేర్చుకుంది. గాయకులు గొంతు తడుపుకునే సమయంలో నేను ఆడాలి. కొన్నాళ్ళకే జనం పాట మధ్యలోనే "బ్రేక్! బ్రేక్!" అని అరవసాగారు. బృందం యజమానికది నచ్చలేదు. మైకు ఆయన చేతిలోనే ఉండేది. మాలాగే నెల్లూరు వైపునుంచి ఎప్పుడో వచ్చిన కుటుంబమే వాళ్ళదీ. మాతో తెలుగు, మైకులో తమిళం.

రాయపురం ఉత్సవానికి అమ్మనీ చెల్లెల్నీ తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాను. వేదిక మీద పడుకుని ఒళ్ళు అలలా కదిలిస్తున్నాను. ఆయన మైకులో, "అయ్యో, పయ్యనుక్కు కాక్కా వలిప్పు!" అన్నాడు. కుర్రాడికి మూర్ఛ వచ్చిందని. అంతటితో ఆగక, మూర్ఛ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెట్టినట్టు, జేబులోంచి తాళాలగుత్తి తీసి నా గుప్పెట్లో కుక్కాడు. జనం ఈలలు వేసి నవ్వారు. చెల్లెలు తల వంచుకుంది.

నేను లేచి ఆ గుత్తిని వేదిక వెనక ఇసకలోకి విసిరేశాను.

"ఏమిరా, పిచ్చా నీకు?" అన్నాడాయన, మైకు మూసి.

"మా చెల్లెలు ఆడ కూర్చోనుంది. ఆమె మొహం చూసి నవ్వు."

"తమాషాకప్పా! దీనికింత రోషమా? దిగు."

దిగాను. దారిలో చెల్లెలు నా మీదే విరుచుకుపడింది. "ఎందుకు దిగినావు? పాట అయిపోలేదు కదా. ఆడి ముగించి, ఆమీట ఇసరాల్సింది."

ఆమె కోపం నా కోపంకంటే న్యాయమైనది.

మర్నాడు డ్రమ్స్ కొట్టే కుర్రవాడూ ఆ బృందం మానేసి నా దగ్గరికొచ్చాడు. మేమే కార్యక్రమాలు మొదలుపెట్టాం. నన్ను పరిచయం చేసేటప్పుడు వేళాకోళం ఉండకూడదన్నది మా షరతు. ఒప్పుకోనివాళ్ళ వేదిక ఎక్కలేదు. చూస్తుండగానే గోడపోస్టర్ల మీద గాయకుల బొమ్మల కంటే నా బొమ్మ పెద్దదైంది. కోడంబాక్కం నుంచి సినిమా డాన్స్ మాస్టర్లు కబురు పంపసాగారు.

అప్పుడొచ్చాడు ఆ యజమాని, మా గడపలోకి, పండ్లసంచితో.

"మనోళ్ళం కదప్పా. జనం నిన్నే అడగతా ఉండారు. ఆ దినం ఏదో సరదాకి..."

లోపల చెల్లెలు ఉందని ఆయనకు తెలుసు. ఎలా ఉందని మాటవరసకైనా అడగలేదు. కూర్చోమనలేదు నేను. పండ్లు తీసుకోలేదు.

"ఈడికింక రావద్దు" అన్నాను.

పెద్దమనిషిని అంత మాట అనొచ్చా అని అమ్మ నొచ్చుకుంది. అనొచ్చు. ఇప్పుడైనా అదే అంటాను.