ఏకగ్రీవంగా దక్కిన కుర్చీ

మా నాటక సమాజంలో ఎవరికీ ముఖం మీద 'వద్దు' అని చెప్పే అలవాటు లేదు. వనపర్తిలో ఆ సమాజం ఇన్నేళ్లు నిలబడిందంటే అదే కారణం. మా నాటకాలు ఇన్నేళ్లూ అలా ఉన్నాయంటే కూడా అదే కారణం.

మేం ఏటా ఆడే యువరాజు నాటకం మా మాస్టరు రాసిందే. నేర్పిందీ ఆయనే. పక్క తెర వెనక కుర్చీలో కూర్చుని మాటలు అందించేదీ ఆయనే. ఆయన పెట్టిన నియమం ఒక్కటే, దర్శకుడు ఎప్పుడూ రంగు వేసుకోకూడదు. "రంగేసుకున్నోని కన్ను అద్దం మీద ఉంటది, ఆట మీద ఉండదు" అనేవాడు. వయసు మీద పడి చూపు మందగించాక, ఒక ఏడాది యుద్ధరంగంలో నిలబడ్డ సేనాపతికి పెళ్లిచూపుల మాటలు అందించాడు. సేనాపతి కత్తి దూసి ఆ మాటలే గట్టిగా చెప్పాడు. మాస్టరు అందించిన మాటను కాదనడం ఎట్లా? ఆ రోజే మాస్టరు తాను దిగిపోతానన్నాడు.

దిగిపోయేది మాస్టరే గానీ వచ్చేవాడు మాత్రం 'ఆర్టిస్టిక్ డైరెక్టర్' కావాలని మా అధ్యక్షుడు తేల్చాడు. హైదరాబాదులో పెద్ద సంస్థల్లో అట్లే అంటారని ఆయన అల్లుడు చెప్పాడట. పేరు పొడుగైతే పని దానంతటదే అవుతుందని మా వాళ్లకు గట్టి నమ్మకం.

అధ్యక్షుడంటే పల్లీల మిల్లు సేటు. మా రిహార్సళ్లు ఆయన గోదాములోనే, కిరీటాలు, కత్తులు ఆయన బీరువాలోనే. యువరాజు వేషం కూడా ఆయనదే. కథ ప్రకారం యువరాజుకు ఇంకా మీసం సరిగ్గా మొలవలేదు. సేటుకు షష్టిపూర్తి అయ్యే చాలా కాలమైంది. తోట సీనులో ఆయన రాకుమారి ముందు మోకాలి మీద కూర్చుని ఉంగరం ఇవ్వాలి. కూర్చోవడం వరకు బాగానే కూర్చునేవాడు. లేపడానికే మాస్టరు కథలోకి ఇద్దరు భటులను కొత్తగా తెచ్చాడు. వాళ్లకు మాటలుండవు, రెక్కలు పట్టి లేపి వెళ్లిపోతారు.

ఆ రాకుమారిని నేను. ఆ వేషమంటే నాకు ప్రాణం. గద్వాల పట్టుచీర కట్టి, జడకుచ్చులు పెట్టి, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ తోటలోకి పరుగెత్తుకొచ్చే ఆ మొదటి రాక కోసమే ఏడాదంతా బడిలో లెక్కలు చెప్పేదాన్నేమో అనిపిస్తుంది. ఎదురుగా సేటును చూసి సిగ్గుపడడం మాత్రం ఏటేటా కష్టమయ్యేది. ఈ మగవాళ్లు అద్దంలో ఏం చూసుకుంటారో నాకు తెలియదు.

కొత్త డైరెక్టరు పదవి కోసం ఇద్దరు వచ్చారు. ఒకాయన గద్వాల నుంచి, రిటైరైన లెక్చరరు. మాటలు లేని నాటకం వేయిస్తానన్నాడు. యువరాజు చివరిదాకా కుర్చీలోనే కూర్చుంటాడట, జనమే ఆలోచించుకోవాలట. కూర్చోవడం అనగానే సేటు ముఖం వెలిగింది. ఇంకొకాయన నాగర్‌కర్నూల్ హార్మోనియం మాస్టరు. ఆయన ఒక్క పద్యం ఎత్తుకుంటే మాకిచ్చిన చాయ్ చల్లారి, మళ్లీ వేడై, మళ్లీ చల్లారింది. ఇద్దరికీ దండలు వేశారు. ఇద్దరితోనూ "మీరుంటే మాకేం రంది" అన్నారు. ఇద్దరూ బస్సెక్కాక "ఈయనతోని కాదు" అని వేరువేరుగా తీర్మానించారు. ఎప్పుడు వచ్చి చేరమంటారని ఆ ఇద్దరూ చాలా కాలం ఫోన్లు చేశారు పాపం.

ఆఖరికి ఒక ఆదివారం, మనవరాలిని పాటల క్లాసులో దింపి నేను గోదాముకు చేరేసరికి కమిటీ అంతా కూర్చుని ఉంది. మిర్చీ బజ్జీలు వచ్చాయి. ఎవరో చేతులెత్తి ఓట్లు వేద్దామన్నారు. సేటు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఓట్లా? కలిసి తినేటోళ్లం, మనల మనకు పంచాది పెట్టుకుంటమా? ఏకగ్రీవమే కావాలె."

అంటే ఎవరికీ అభ్యంతరం లేని మనిషి కావాలి. కళ్లన్నీ గోదాము చుట్టూ తిరిగి, మిర్చీ కొరుకుతున్న నా దగ్గర ఆగాయి.

"టీచరమ్మ ఉన్నది గద!" అన్నాడు సేనాపతి.

ఆ మాట నోట్లో ఉండగానే చప్పట్లు పడ్డాయి. అంత తొందరగా మా కమిటీ దేనికీ చప్పట్లు కొట్టగా నేను చూడలేదు. పొంగిపోయాను. ఆడమనిషికి ఇంత గౌరవం ఇచ్చే సమాజం పాలమూరులోనే లేదని నేనే లేచి చెప్పాను. శాలువా కప్పారు, ఫోటో దిగాం. ఇంటికొచ్చి ఆ శాలువా తీయకుండానే అన్నం వండాను.

మర్నాడు మాస్టరు ఇంటికి వెళ్లి కాళ్లకు దండం పెట్టాను. ఆయన చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

"బిడ్డా, ఒక్క పని నాతోని కాలే. నువ్వన్న చెయ్యాలె."

"చెప్పండి మాస్టరూ."

"పోయినేడు గద్వాలల ఆడినప్పుడు, యుద్ధానికి పోయే యువరాజును రాకుమారి సాగనంపే సీనుంది సూడు. జనం నవ్విండ్రు బిడ్డా. నాకు కండ్లు కనపడకున్నా చెవులు వినపడ్తయి గద. మా తమ్ముడు మిలిట్రీకి పోయి మళ్ల రాలే. గా దుఃఖంల రాసిన సీను అది. నేను పోయేలోపల ఒక్కపారి, ఎవలూ నవ్వకుండ దాన్ని ఇనాలె. సేటుకు వేషం ఇగ సాలని చెప్పాలె. చెప్తవా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్తానని మాటిచ్చాను. ఆయన ఇంకేదో చెప్పబోయి, చాయ్ తాగి పొమ్మన్నాడు.

మాటివ్వడం తేలిక. వారమంతా నాకు నిద్ర లేదు. సేటు పోయించిన చాయ్ ఇన్నేళ్లు తాగి, ఆయన గోదాములో కూర్చుని, ఆయన ముఖం మీద ఎట్లా అనేది? అయినా ఒక పొద్దున గుండె గట్టి చేసుకుని మిల్లుకు పోయాను. పల్లికాయ ధర అడిగాను. కూతురి సంగతి అడిగాను. వానల సంగతి అయ్యాక మోకాళ్ల సంగతి ఎత్తాను. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

"సేటూ, ఏమనుకోవద్దు. ఈసారి యువరాజు వేషం ఎవరన్నా పడుచు పిల్లగానికి ఇద్దాం."

సేటు గల్లాపెట్టె మీద రెండు చేతులూ ఆనించి నన్నే చూశాడు. అయిపోయింది, సమాజం నా చేతుల మీదే మూతపడింది అనుకున్నాను.

"అబ్బ!" అన్నాడు. "ఎవలన్న ఒక్కరు చెప్తరేమోనని ఎన్నేండ్ల సంది సూస్తున్ననో టీచరమ్మా. నా అంతట నేను బంద్ చేస్తనంటే మీరంత బాధపడ్తరని ఊకున్న. ఒక్కొక్క ఏడు దవాఖానకు పోయి మోకాలుకు సూది ఏయించుకొని మరీ ఆడిన."

ఇద్దరం నవ్వుకున్నాం. చాయ్ తెప్పించాడు. నా ధైర్యానికి నేనే మురిసిపోతుంటే, సేటు సాసరులో చాయ్ ఊదుకుంటూ అన్నాడు, "మంచిగైంది. మన ఇద్దరిది ఒక్కపారే అయిపాయె."

"ఇద్దరిదీ ఏంది?"

"డైరెక్టరు రంగేసుకోవద్దు గద. మాస్టరు రూలు." అని నా ముఖం చూసి సాసరు కింద పెట్టాడు. "నీకు ఎరుకే అనుకున్న టీచరమ్మా. నీకు ముఖం మీద చెప్పుడు ఎవలతోని అయితది? కమిటీ అంత పరేషాన్ అయి, ఆఖరికి గిట్ల అనుకున్నరు."

ఎట్లా లేచానో, ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. శాలువా మురిపెంలో మాస్టరు నియమం నాకు తట్టనే లేదు. చప్పట్లు ఎందుకంత తొందరగా పడ్డాయో తెలిసింది. మాస్టరు చెప్పబోయి మింగిందేమిటో తెలిసింది. గద్వాలలో జనం నవ్వింది సేటు ఒక్కడినే చూసి కాదని కూడా తెలిసింది. నా బీరువాలో జడకుచ్చులు చూసి కోపంతో ఏడ్చాను. ఇన్నేళ్లు నా ఎదుట కూర్చుని మిర్చీలు తిన్న ఒక్కడికన్నా నోరు రాలేదే! మర్నాడే పదవి వద్దని చెప్పేద్దామనుకున్నాను. కానీ మా సమాజంలో 'వద్దు' అనే అలవాటు లేదని చెప్పాను కదా. పైగా మాస్టరుకు ఇచ్చిన మాట ఒకటుంది.

యువరాజుగా బిజినేపల్లి ట్రాక్టరు డ్రైవరు వచ్చాడు. రాకుమారిగా ఆర్టీసీలో కండక్టరు చేసే అమ్మాయి. గజ్జెలు నావే కట్టాను. తోటలోకి ఎట్లా పరుగెత్తాలో చూపించబోతే, "నాకు వస్తది మేడం" అంది. నిజంగానే వచ్చింది. అది చూడడం నాకు చాలా కష్టమైంది.

ఆట రోజు పక్క తెర వెనక కుర్చీలో నేనే కూర్చున్నాను. భటులిద్దరూ పనిలేక నా వెనక నిలబడ్డారు. మాస్టరు ముందు వరుసలో తల వంచుకుని వింటున్నాడు. సాగనంపే సీను వచ్చింది. ఒక్కరూ నవ్వలేదు. ఎక్కడో ఒక ముసలమ్మ ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

తెర పడ్డాక మాస్టరు నా కోసం చెయ్యి చాపాడు.

"ఎవలూ నవ్వలే గద బిడ్డా?"

"లేదు మాస్టరూ. ఎవరూ నవ్వలేదు."

ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆయన ఏడ్చింది తమ్ముడి కోసం. నాది ఎందుకో నాకు తెలుసు, ఆయనకూ తెలిసే ఉంటుంది.

తర్వాత కమిటీ వాళ్లంతా వరసగా వచ్చారు. సేనాపతి, సేటు, భటులు, అందరూ. "ఎంతైన వేషంల నువ్వు లేని లోటు కనపడ్డది టీచరమ్మా" అన్నారు. అందులో కూడా ఒక్కరూ వేరే మాట అనలేదు.