గోరుకు తెలియని గరుకు

"...రెండు పూటలా తోముకుంటే చిగురెందుకు వాస్తుందక్కా? నీ బద్ధకానికి నా పనిని ఆడిపోసుకుంటావేం!"

"నోర్ముయ్‌రా! సొంత పళ్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి. నీ ఇనప మేకు చుట్టూనే చీము పట్టింది. దానికేమైనా వేరే బ్రష్షు వాడుతున్నానా?"

"ఇనుము కాదు, టైటానియం."

"ఏదైతేనేం, ఊడి చేతికొచ్చింది."

అక్క వాచిన దవడకు తడిగుడ్డ అదుముకుంటూ ఊడిన స్క్రూ ఉన్న చిన్న సీసాను బల్ల మీద పెట్టింది. రెండేళ్ల కిందట ఆమెకు కట్టుడు పన్ను నిలబెట్టడానికి దవడ ఎముకలో స్క్రూ బిగించాల్సి వస్తే, తమ్ముడు మోజుపడి తన చేతి మీదుగా వెళ్లినదాన్నే వేయించాడు. ఆ ఉదయం డాక్టరు దాన్ని రెండు వేళ్లతో తిప్పి తీసేశాడు. చుట్టూ ఎముక కరిగిపోయిందనీ, మరొకటి బిగించడానికి చోటే లేదనీ చెప్పాడు.

తమ్ముణ్ణి కార్ఖానాలో అందరూ గోరుమామ అంటారు. ఇరవై ఆరేళ్లుగా అక్కడ పళ్ల స్క్రూలకు తుదిమెరుగులు దిద్దుతున్నాడు. స్క్రూ ఒళ్లంతా ఇసుకపొడి కొట్టి, యాసిడ్‌లో ముంచి గరుకు చేస్తారు. ఆ గరుకునే ఎముక పట్టుకుని పెరుగుతుంది. పైన చిగురు తగిలే మెడ మాత్రం అద్దంలా ఉండాలి. అక్కడ గరుకుంటే పాచి చేరుతుంది, చిగురు పుండవుతుంది, కింద ఎముక తరిగిపోతుంది. అందుకే ఇసుక కొట్టేముందు మెడకు రబ్బరు తొడుగు వేస్తారు. తర్వాత పదింటికొకటి భూతద్దం కిందికి వెళుతుంది. మిగతా తొమ్మిదీ గోరుమామ బొటనవేలి గోరు కిందికి వస్తాయి. గోరు జారిందా, పాస్; ట్రే నంబరు వేసి డాక్టర్లకు పంపేస్తారు. భూతద్దం కన్నా మామ గోరే నయమని కొత్తవాళ్లకు గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆయనా కాదనేవాడు కాదు.

మర్నాడు పనిలోకి రాగానే అక్క స్క్రూను భూతద్దం కింద పెట్టాడు. నోట్లో గీసుకుపోయి ఉంటుందనుకున్నాడు. గీతలు లేవు. మెడ చుట్టూ సున్నపు గోడలాంటి గరుకు పట్టీ ఉంది. వదులైన తొడుగు పైకి జారితే తప్ప అంత తీరుగా రాదు. స్క్రూ తీసి గోరుతో గీరాడు. జారింది. మళ్లీ గీరాడు. మళ్లీ జారింది.

యాసిడ్ తొట్టి దగ్గరున్న అమ్మాయిని పిలిచాడు. "అమ్మాయ్, ఇక్కడ నీ గోరు పెట్టి చూడు."

"గరగరమంటోంది మామా! ఇది మెడేనా?"

ఆయన బల్ల మీద గుండుసూది తీసి బొటనవేలి కొసన గుచ్చుకున్నాడు. రక్తం చుక్క కనబడింది. నొప్పి తెలియలేదు. తనే స్క్రూలను యాసిడ్ తొట్టిలో ముంచి తీసిన రోజుల్లో ఆ వేలి తోలు ఎన్నిసార్లు ఊడిందో లెక్కలేదు. స్పర్శ ఎప్పుడు పోయిందో గుర్తుచేసుకోవాలని చూశాడు. నిరుడా? అయిదేళ్ల కిందటా? ఎంత తవ్వుకున్నా తేదీ దొరకలేదు.

యజమాని అంతా విని తలుపు మూశాడు.

"మీ అక్కగారి వయసులో ఎముక కరగడం మామూలే మామా. సరిగ్గా తోముకున్నారో లేదో."

"నిన్న నేనూ ఆవిణ్ణి అదే అన్నానండీ."

"కొత్త తొడుగులు తెప్పిస్తాను. ఇకమీదట అన్నీ భూతద్దం కిందే చూద్దాం. పాతవాటి ఊసెత్తకు. వాటిని ఇప్పుడు నోళ్లలోంచి పీక్కొస్తామా?"

"పీకక్కర్లేదండీ. ముందే తెలిస్తే డాక్టర్లు చిగురు శుభ్రం చేస్తూ కనిపెట్టుకుని ఉంటారు. ఎముకైనా మిగులుతుంది."

"తెలిస్తే మన సరుకు ఎవడు ముట్టుకుంటాడు? ఇక్కడ పద్దెనిమిది మందిమి ఉన్నాం. నీతో కలిపే చెబుతున్నా."

గోరుమామ వేలి మీది రక్తాన్ని గుడ్డతో తుడుచుకున్నాడు.

"నా గోరు కింద పాసయి వెళ్లిన ప్రతి ట్రే నంబరూ రాసి డాక్టర్లందరికీ పంపుతున్నానండీ" అన్నాడు. "కింద సంతకం నాదే ఉంటుంది."