బేసిను బదులు చీపురు

మొన్న ఆదివారం సంత్రాగాఛిలో మా ఇంటి ముందు, పాత కారు కింద వెల్లకిలా పడుకుని, ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తీసుకెళ్ళే ఇనుప గొట్టం తుప్పు పట్టి పెచ్చులు రాలుతుంటే, దాని బదులు రాగి గొట్టం వేద్దామని నట్టు తిప్పానో లేదో, ఆ ముక్క కాస్తా చేతిలోకి ఊడొచ్చింది. పెట్రోలు ధార కట్టింది. వేలు అడ్డంపెట్టి "తేల్ పొడ్ఛే!" అని కేకేశాను; పెట్రోలు కారిపోతోందని బెంగాలీలో. మా అమ్మాయి చప్పున బేసిను తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. సంతోషించాల్సింది పోయి, నాకెందుకో నీరసం ముంచుకొచ్చింది.

యాభై ఏళ్ళ కిందట, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నాలుగు రోజులైనా కాకముందే, గార్డెన్ రీచ్‌లో మా మేనమామ కార్లు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాను. ఇంట్లో మన భాషే మాట్లాడినా, ఇరవై ఏళ్ళుగా ఈ బెంగాలీ ఊళ్ళో నలిగినవాడు కాబట్టి, పని తొందరలో ఆయన నోట ముందు బెంగాలీయే వచ్చేది. ఒకరోజు ఇలాంటి తుప్పు గొట్టమే విప్పుతూ, కారు కింద నుంచి "తేల్ పొడ్ఛే, తేల్ పొడ్ఛే!" అని గావుకేక పెట్టాడు. తేలు పొడిచిందని వినపడింది నాకు. కాళ్ళ దగ్గరున్న బేసినును దాటుకుంటూ పోయి, చీపురు పట్టుకొచ్చి కారు కింద నేలంతా బాదడం మొదలుపెట్టాను. "ఏట్రా, ఏటి సేస్తన్నావురా!" అని ఆయన అరుస్తుండగానే, ఆ చీపురు తగిలి గొట్టానికి అడ్డంపెట్టిన చెయ్యి జారి, పెట్రోలు నేరుగా ఆయన కళ్ళలో పడింది.

కుడికన్ను తేరుకుంది. ఎడమకన్ను మాత్రం ఆయన పోయేదాకా మసకగానే ఉండిపోయింది. ఆ సాయంత్రం అత్తయ్య నెత్తీనోరూ కొట్టుకుని ఏమైందని అడిగితే, మావయ్య మూసిన కళ్ళతోనే నవ్వి, "తేలు పొడిసిందిలేయే" అన్నాడు. ఆ తరవాత ఎవరడిగినా అదే జవాబు. నట్టు మర చేత్తో తడిమి చూసుకుని బిగించే ఆయన్ని చూసినప్పుడల్లా నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

ఇప్పుడు నడుము లేవనివ్వదు, నా పాత కారు కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదు. మా అమ్మాయి తప్పేమీ లేదు, విన్నది సరిగ్గానే విన్నది. అయినా ఆ కేకలో తేలునే విని, భయపడి చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చే మనిషి ఇంట్లో ఒక్కరైనా మిగిలి ఉంటే బాగుండేదనిపించింది.