పారు అక్క ఇంటి సాన

మొన్న మంగళవారం ఉదయం మా వీధికి వచ్చే నర్సమ్మ రిజిస్టరు తెరిచి, బిడ్డకు ఏమేమి ఇస్తున్నానని అడిగింది. నా పాలు తప్ప ఇంకేమీ లేదన్నాను. ఆ మాట ఎంత నున్నగా వచ్చిందంటే నాకే భయం వేసింది. అప్పటికి అరగంట ముందే మా అత్త బిడ్డకు నీళ్లు పోసి, సాన మీద వస కొమ్ము, మాచికాయ, జాజికాయ రెండేసి చుట్లు అరగదీసి, నా పాలతోనే కలిపి, ఉగ్గుగిన్నెతో నాలుక మీద వేసింది. బిడ్డకు ఐదో నెల. ఆరు నెలలు నిండేదాకా నీటిచుక్క కూడా వద్దని ఆసుపత్రిలో చెప్పి పంపించారు. చదువుకున్నదాన్ని, నాకు తెలుసు. తెలిసీ, అత్త అరగదీస్తున్నంతసేపు పక్క గదిలో బట్టలు మడతపెడుతూ ఉండిపోతాను.

నర్సమ్మ తిరుత్తణి వైపు మనిషి, మాతో తెలుగే మాట్లాడుతుంది. ఆమె చూపు వంటింటి కిటికీ మీదికి పోయింది. అక్కడ ఎండలో సాన ఆరుతోంది, నడుమ పచ్చటి తడి మరక. ఒక్క క్షణం దాన్ని చూసి, తల వంచుకుని ‘తల్లిపాలు మాత్రమే’ అన్న చోట టిక్కు పెట్టింది. గేటు దాకా వెళ్లినాక, అత్తకు వినపడకుండా అన్నది.

“రాసేసినానమ్మా. ఇంగ రాసింది నిజం చెయ్యి.”

ఆమె మూడో ఇల్లు దాటేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. ఇలాగే కాగితాలు పట్టుకుని ఒకప్పుడు నేనూ ఒక ఇంటి ముందు నిలబడ్డాను. ఆ ఇంట్లోనూ ఒక ఐదు నెలల బిడ్డ, ఒక సాన. నేను మాత్రం చూసింది చూసినట్టు రాసి వచ్చాను. దానివల్ల ఆ తల్లికి ఏమైందో ఈనాటికీ నాకు తెలియదు.

పెళ్లికి ముందు, చెన్నైలో జువాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నప్పటి మాట. పగడపు దిబ్బలను తీరంలోని జనం దేనికి వాడతారు, వాటి గురించి ఏమనుకుంటారు అని తెలుసుకోవడానికి మా మేడమ్ నలుగురు విద్యార్థులను రామనాథపురం తీరంలోని ఒక జాలరి ఊరికి తీసుకువెళ్లింది. మా తిరువళ్లూరు జిల్లాకూ సముద్రం ఉంది, పళవేర్కాడు వైపు. కానీ మణవాళనగర్‌లో పెరిగిన మాకు సముద్రమంటే సెలవు రోజు చెన్నై రైలెక్కి చూసి వచ్చేదే. అందుకని ఆ ఊళ్లో అందరికంటే తెలివితక్కువగా కనబడింది నేనే. మొదటి రోజే పడవలో కక్కుకున్నాను. పడవ నడిపినాయన భార్య ఒడ్డున నిమ్మాకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది ఉంటుంది. నన్ను తంగచ్చీ, అంటే చెల్లీ, అని పిలిచేది. మేం మాట్లాడుకున్నది అరవమే. నా చెవిలో మిగిలినట్టు మా ఇంటి తెలుగులో రాస్తున్నాను.

ఆ ఊళ్లో పగడపు దిబ్బను పారు అంటారు. మగవాళ్లు దాన్ని తిడతారు, దాని మీదే బతుకుతారు. వల తగిలితే చింపేస్తుంది, కానీ చేప దొరికేది దాని చుట్టూనే. ముసలివాళ్లు మాత్రం గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. తమ వయసులో పడవలకొద్దీ ఆ రాళ్లను తెచ్చి బట్టీల్లో కాల్చి సున్నం చేసేవాళ్లట. బావుల ఒరలు, ఇళ్ల గోడలు, మెట్లు, అన్నీ వాటితో కట్టినవే. తరవాత చట్టం వచ్చింది. పులిని చంపినా ఈ రాయిని ఎత్తినా ఒకటే కేసని చెప్పుకుంటారు. అందుకే మా కాగితంలో “మీ ఇంట్లో పగడపు రాయి ఏ రూపంలోనైనా ఉందా” అన్న ప్రశ్న రాగానే ప్రతి ఇంట్లోనూ లేదనేవాళ్లు. ఆ మాట వింటూ మేం నిలబడి ఉండేది పగడపు రాతి మెట్ల మీదే. చెప్పుల కింద పూలు అచ్చుగుద్దినట్టు కనబడేవి. ఇంటివాళ్లూ వాటి వంక చూసేవాళ్లు కాదు, మేమూ చూసేవాళ్లం కాదు. చెప్పింది ఒక గడిలో, కంట పడింది ఇంకో గడిలో రాయమని మేడమ్ అన్నది. పాత మెట్లను రాసి ఎవరిని ఏం చేస్తామని మేం నలుగురం ఆ రెండో గడి ఖాళీగా వదిలేస్తూ వచ్చాం.

నిమ్మాకు నలిపిన అక్క నెలలో కొన్నాళ్లు పారు దగ్గరికి వెళ్లి సముద్రపు నాచు కోసుకొచ్చేది. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకునేది, అరికాళ్లకు రబ్బరు ముక్కలు కట్టుకునేది. నీళ్లలో మునిగితే చూపు సరిగా ఆనదు కాబట్టి పారును పాదంతోనే గుర్తుపడతామని చెప్పింది. ప్రాణమున్న రాయి జిగటగా ఉంటుందట, చచ్చిన రాయి గరుకుగా ఉంటుందట. నాచు మొలిచేది చచ్చినదాని మీదే, బతికినదాని మీద ఎందుకు కాలు పెడతాం అని అడిగింది. అయినా అధికారుల పడవ వస్తే కోసిన మూటంతా నీళ్లలో కుమ్మరించి వెనక్కి రావాల్సిందే.

“పారు మీద కాలు పెట్టొద్దని మాకు చెప్పే ఆయప్పకి ఈతే రాదు తంగచ్చీ,” అన్నది ఒక రోజు. “సునామీ నాడు నీళ్లు యాడ ఆగినాయో ఆయప్పకేం ఎరుక. ఆ పారు దగ్గిర ఆగినాయి. అది లేకుంటే మేం లేము. మాకు చెప్పల్నా.”

ఆ మాటలన్నీ రాసుకున్నాను. అవి రాస్తున్నంతసేపు తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు.

చివరి రోజు ఉదయం నేను వెళ్లేసరికి ఆమె కాళ్లు చాపుకుని బిడ్డకు నీళ్లు పోస్తోంది. ఒళ్లు తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, మందు అరగదీయడానికి కూర్చుంది. మా వైపు వాడే సరుకులే. సాన మాత్రం వేరు. అరచెయ్యంత తెల్లటి రాయి. దాని అంచుల్లో సన్నని పూలరేకుల్లాంటి గీతలు, నడుమ ఏళ్లతరబడి అరిగి పడిన నున్నటి గుంట. ఆ గుంటలో పాలచుక్క నిలబడింది. ఇలాంటిది ఏ పుస్తకంలోనూ చూడలేదు. అడిగితే, పుట్టింటి పాత గోడ కూలినప్పుడు ఊడిన ముక్క అన్నది. తనకు చిన్నప్పుడు వాళ్లమ్మ దీని మీదే మందు అరగదీసిందట. కానుపుకు వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు అమ్మ పెట్టెలో పెట్టి పంపిందట.

నేను పెన్ను తీశాను. ఆమె చెయ్యి ఆగింది.

“ఇది రాయి తంగచ్చీ,” అన్నది. “ఉత్త రాయి.”

నేను నవ్వి, రెండో గడిలో ‘ఇతరములు’ అన్న చోట రాశాను. ఉంది. బిడ్డ మందు అరగదీసే సాన. పైన ఆ ఇంటి తలుపు నంబరు ముందే రాసి ఉంది. ఆ తరవాత ఆమెనూ బిడ్డనూ ఫోటో తీశాను. పంపించమని తన నంబరు ఇచ్చింది. ‘పారు అక్క’ అని ఫోన్లో దాచుకున్నాను.

తిరుగు రైల్లో మేడమ్ కాగితాలు తిరగేసి, నా దాని దగ్గర ఆగి, ఇన్ని ఇళ్లలో కళ్లు తెరుచుకుని చూసింది నువ్వొక్కదానివే అని మెచ్చుకుంది. ఆ సంతోషంలో ఉండగానే, మాకు అనుమతి ఇచ్చిన అటవీ ఆఫీసుకు ఒక కట్ట పంపాలని ఇంకెవరితోనో అంటుంటే విన్నాను. తలుపు నంబర్లు తీసేసి పంపుతారా, ఉంచే పంపుతారా అని అడగొచ్చు. అడగలేదు. ఎగ్మోరు చేరేదాకా ఆ కాగితాలను ఒళ్లో పెట్టుకుని సర్దింది నేనే. ఒక్క గీత కొట్టేస్తే సరిపోయేది. మెచ్చుకున్న కాగితం మీద గీత ఎలా కొట్టను? అలాగే ఇచ్చేశాను.

ఫోటో పంపలేదు. రైలు దిగాక చూసుకుంటే ఒక మూల సాన కూడా పడింది. ఆమె ఫోన్లో ఆ బొమ్మ ఉండటం మంచిదో కాదో తేల్చుకోలేకపోయాను. తరవాత పరీక్షలు, పెళ్లి, అంబత్తూరు ఫ్యాక్టరీకి రైల్లో పోయి వచ్చే మా ఆయన వేళలకు వంట. వాటి మధ్య ఆ భయం మరుగున పడింది. బిడ్డ పుట్టి, మా అత్త పళ్ళిపట్టు దగ్గర తన ఊరినుంచి సాన తెచ్చిన రోజు మళ్లీ లేచింది. రోజూ ఆ గరగర శబ్దం వినగానే రెండు భయాలు కలిసి వస్తాయి. ఇక్కడ నా బిడ్డ పొట్టలోకి ఏం పోతోందో, అక్కడ ఆ ఇంటికి ఎవరు వచ్చి వెళ్లారో. జీపు ఆగినట్టు, ఆమె బిడ్డను చంకలో వేసుకుని తనకేం తెలియదంటున్నట్టు ఊహించుకుంటాను. చేతిలో కాగితం ఉన్నవాళ్లు నా అక్షరాలే ఆమెకు చదివి వినిపిస్తుంటారు.

నర్సమ్మ వెళ్లిన మధ్యాహ్నం అత్తతో చెప్పాను. ఇంకొక్క నెల ఆగుదాం, అంతవరకు సాన లోపల పెట్టండి అన్నాను. ఇంతమందిని పెంచినదానికి ఇప్పుడు కొత్తగా నేర్పుతున్నావా అన్నట్టు చూసింది.

“నీ మొగుడికి వస పోసింది నేనే గదా,” అన్నది. “వాడికేం తక్కువైంది? వాగుడు ఎక్కువైంది, అంతే. దానికి మందు నువ్వే చూసుకో.”

సానను కడిగి, గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బా వెనక పెట్టింది. నెల దాటిన మరునాడే తీస్తానని గట్టిగా చెప్పింది కూడా. ఈ ఇంటివరకు నర్సమ్మ రాసింది నిజమైంది. నేను రాసింది మాత్రం మొదటినుంచీ నిజమే. దాన్నేం చెయ్యాలి?

బిడ్డ నిద్రపోయాక ఫోను తీశాను. ఇన్నేళ్లలో నంబరు మారిపోయి ఉంటే బాగుండునని ఒక పక్క అనిపించింది. నాలుగో రింగుకు ఎత్తింది. వెనక ఎవరో చిన్నపిల్ల పలక మీద ఉన్నది పైకి చదువుతోంది. నేనెవరో చెప్పబోతుంటే మధ్యలోనే ఆపింది.

“పడవలో కక్కిన తంగచ్చివా?”

అవునన్నాను. నవ్వింది, అదే నవ్వు. మేం వచ్చిపోయాక మీ ఇంటికి ఎవరైనా వచ్చారా అక్కా, ఆ రాయి గురించి ఏమైనా అడిగారా అన్నాను. పలక చదివే పిల్లను బయటికి పొమ్మన్నది.

“ఎవురూ రాలేదు,” అన్నది. “నువ్వొచ్చినావు గదా. అది చాలదా.”

తరవాత తనే చెప్పింది. ఆ సాయంత్రం భర్తా, భర్త తల్లీ ఇద్దరూ కూర్చోబెట్టి అడిగారట, ఆ పిల్ల ఏం రాసుకుంది అని. తెలియదన్నదట. తెలియని రాత ఇంట్లో అందరినీ నిద్రపోనివ్వలేదు. తెల్లవారి నాచుకు పోయేటప్పుడు సానను మూటలో అడుగున పెట్టుకుని వెళ్లి, పారు దగ్గర నీళ్లలో దించేసింది. విసిరేయలేదట. బిడ్డను చాపమీద పడుకోబెట్టినట్టు దించిందట. తిరిగొచ్చి పెంకుముక్క మీద మందు అరగదీస్తే గరుకు ఎక్కువై చూర్ణం కళ్లెదుటే ఇసుకలా పడిందని, ఆ బిడ్డకు మందు అంతటితో మానేశానని చెప్పింది.

క్షమించమని అడగబోయాను. ఆమె ఆ మాటను రానివ్వలేదు. నాకూ బిడ్డ ఉందని చెబితే, ఆడబిడ్డా మగబిడ్డా, ఎన్ని నెలలు, ఏం పోస్తున్నావు అని వరసగా అడిగింది. నర్సమ్మ సంగతి చెప్పాను. ఏమీ లేదని అబద్ధమాడానని కూడా చెప్పాను.

“నేర్చుకున్నావే,” అన్నది. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రాయి ఇంకా అక్కడే ఉందంటుంది. ఎప్పుడైనా దాని మీద కాలు పడితే గుంటలో మడమ సరిగ్గా కూర్చుంటుందట, అంచుల్లో చిన్న చేపలు దూరి ఉంటాయట. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నదో, నిజంగానే తగిలిందో నాకు తెలియదు. అలలు ఒక అరచెయ్యంత రాయిని ఇన్నేళ్లు ఒకే చోట ఉండనిస్తాయా? అడగలేదు.

ఫోను పెట్టేసే ముందు ఫోటో సంగతి ఎత్తింది. సాన ఇచ్చిన వాళ్లమ్మ పోయిన ఏడాది చనిపోయిందట. ఆ బిడ్డ చిన్నప్పటి బొమ్మ ఇంట్లో ఒక్కటీ లేదట. ఒక మూల సాన కూడా పడింది అక్కా, అంతమేర కత్తిరించి పంపనా అని అడిగాను.

“రాయి ఉండనీ,” అన్నది.

అలాగే పంపాను. పంపాక భయం మళ్లీ మొదలైంది, ఆ ఫోను ఎవరెవరి చేతుల్లోకి పోతుందో అని. ఇది రాస్తూ మధ్యమధ్యలో తీసి చూస్తున్నాను. బొమ్మ పక్కన రెండు బూడిదరంగు టిక్కులు పడ్డాయి. ఇంకా నీలం కాలేదు.